నా కోసం వేసుకోండి

ఓబులేసు పొద్దున్నే తల దువ్వుకోవడం మొదలుపెట్టేదాకా రోశమ్మకు ఏ అనుమానమూ రాలేదు.

అర్ధవీడు మండలంలో అడవి అంచున ఉండే పల్లె వాళ్ళది. నలభై జీవాల మంద. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఓబులేసు దువ్వెన పట్టింది తిరణాళ్ళకూ పెళ్ళిళ్ళకూ మాత్రమే. అలాంటివాడు ఇప్పుడు ఏడున్నరకల్లా మొహం కడుక్కుని, తడి జుట్టు దువ్వుకుని, ఉతికిన తుండు భుజాన వేసుకుని నీళ్ళ ట్యాంకు మెట్ల మీదికి పోయి కూర్చుంటున్నాడు. ఊళ్ళో సిగ్నల్ నిలకడగా దొరికేది అక్కడే. ఎనిమిదింటికి ఫోను మోగుతుంది. పావుగంట మాట్లాడి వస్తాడు. వచ్చేటప్పుడు మొహం తేటగా ఉంటుంది.

ఒకరోజు రోశమ్మ బిందె తీసుకుని వెనకాలే పోయింది. ఓబులేసుకు ఒక చెవి సరిగా వినపడదు. అందుకని స్పీకర్ పెట్టుకుంటాడు.

"నిన్న మీరు ఫోన్ ఎత్తలేదు ఓబులేసు గారూ. పొద్దంతా నా మనసు మనసులో లేదు. మీకేమైందోనని భయపడ్డాను" అంటోంది ఒక ఆడగొంతు.

"మంద అడవిలోకి పోయింటే నేనూ ఎనకాల పోయినా తల్లీ. ఆడ సిగ్నల్ ఉండదు."

"మాత్రలు మాత్రం మానలేదు కదా?"

"మానలే."

"నా కోసం వేసుకోండి. మీరు బాగుంటేనే నాకు బాగుంటుంది."

"నీ కోసమే తల్లీ" అన్నాడు ఓబులేసు.

రోశమ్మ బిందె కొళాయి కింద పెట్టి తిప్పడం మరిచిపోయింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. రోజూ సాయంత్రం ఆరింటికి ఇక్కడే ఆమె ఫోనుకు వచ్చేదీ ఆ గొంతే. కానీ రోశమ్మతో ఆ మనిషి ఒక్కనాడూ ఇలా మాట్లాడలేదు.

చలికాలంలో ఓబులేసుకు దగ్గు పట్టుకుని నెలన్నరైనా వదల్లేదు. టీబీ పని చూసే జీవరత్నం స్కూటీ మీద వచ్చి తెమడ పరీక్ష చేయించింది. టీబీ అని తేలింది. ఇంట్లోవాళ్ళకూ చేయించాలంటే రోశమ్మ కూడా తెమడ ఇచ్చింది. ఆమెకూ ఉంది. కూతుళ్ళిద్దరూ త్రిపురాంతకంలో, కురిచేడులో అత్తగారిళ్ళలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఆరు నెలలు మాత్రలు మింగాలని జీవరత్నం ఇద్దరికీ డబ్బాలిచ్చింది. దాంతోపాటు కొన్ని కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుంది.

ఆ కాగితాలు ఏదో పట్నం సంస్థవి. రోగులు మధ్యలో మందు మానకుండా ఫోన్లో మాట్లాడి ఒప్పించడానికి ఆ సంస్థవాళ్ళు 'తోడు' అని ఒకటి తయారుచేశారు. మాట్లాడేది కంప్యూటరు. కొందరితో అది కారణాలు చెబుతుంది, లెక్కలు చెబుతుంది, అడిగినదానికి జవాబిస్తుంది. మరికొందరితో ప్రేమగా, బెంగగా మాట్లాడుతుంది. ఎవరితో ఏ తీరున మాట్లాడాలో చీటీలు తీసినట్టు అదే తేల్చుకుంటుంది. ఏ మాటకు మనుషులు ఎక్కువగా లొంగుతారో చూడాలని వాళ్ళ ప్రయోగం. ఒక ఇంట్లోవాళ్ళకు ఒకే తీరు రావాలి. కానీ ఓబులేసు పేరు ఒక నంబరు మీద, రోశమ్మ పేరు ఇంకో నంబరు మీద విడివిడిగా ఎక్కేసరికి అది రెండు ఇళ్ళనుకుంది.

ఈ సంగతంతా మూడో పేజీలో చిన్న అక్షరాలతో రాసే ఉంది. జీవరత్నానికీ తెలుసు. కానీ ఆ రోజు ఆ పల్లెలో పదకొండు మందిని రాయాలి, చీకటి పడేలోగా కంభం చేరాలి. "రోజూ ఫోనొస్తది మామా. ఎత్తి మాట్లాడండి. వాళ్ళు చెప్పినట్ల చేయండి" అని ఊరుకుంది.

'వాళ్ళు' అంది. 'అది' అనలేదు.

రోశమ్మతో ఆ గొంతు బడిలో పంతులమ్మలా మాట్లాడేది. "రోశమ్మ గారూ, ఈ రోజు ఇరవై నాలుగో రోజు. దగ్గు తగ్గిందని మందు మానితే, చావకుండా మిగిలిన క్రిములు మొండిబడతాయి. తర్వాత ఈ మాత్రలకు అవి లొంగవు." ఒంటేలు ఎర్రగా వస్తోందేమని అడిగితే, "మూత్రంలో అది మందు రంగు, భయం లేదు" అంది. ఎప్పుడైనా అనుమానం వస్తే మిస్డ్ కాల్ ఇమ్మంది. ఇస్తే నిమిషంలో తిరిగి చేసేది. రోశమ్మకు ఆ మనిషంటే గౌరవమే. చదువుకున్నది, అడిగినదానికి తిన్నగా జవాబు చెబుతుంది అనుకునేది.

ట్యాంకు దగ్గర విన్న రోజు సాయంత్రం ఆమె ఫోనెత్తీ ఎత్తగానే అడిగేసింది. "మా ఆయనతో అంత బాగ మాట్లాడతావు. నాతో ఎందుకట్ల మాట్లాడవమ్మా? నేనేం పాపం జేసినా?"

"ఈ ప్రశ్న నాకు అర్థం కాలేదు. మీ చికిత్స గురించి ఏమైనా అడగండి" అంది గొంతు.

రోశమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఫోను కట్ చేసేసింది.

ఆ తర్వాత ఆమె రోజూ ఏదో వంకన ట్యాంకు వైపు పోవడం మొదలుపెట్టింది. వయసులో ఉన్న ఆడమనిషితో సరసమని ఆమె అనుకోలేదు. ఓబులేసు తల్లీ అనే పిలుస్తున్నాడు. ఆమెను కోసింది ఇంకొకటి. ఒకరోజు ఓబులేసు ఆ ఫోనుతో అంటున్నాడు: "భయమైతాంది తల్లీ. గుట్ట మీద జీవాల్లో వొక్కణ్ణే ఉన్నప్పుడు ఆడనే పడిపోతానేమో, ఎవురికీ తెలవకుండా పోతానేమోనని. ఎవురితోనూ చెప్పలే."

పక్కనే పడుకునే మనిషితో ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా భయమవుతోందని చెప్పలేదు ఓబులేసు. కరువులో మంద సగం పోయినప్పుడూ చెప్పలేదు. రోశమ్మ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. మధ్యాహ్నం దాకా పొయ్యి వెలిగించలేదు.

మాత్రలు మొదలుపెట్టి ఏడు వారాలయ్యాక ఓబులేసు అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టాడు. ఎండలు ముదురుతున్నాయి, వేడి చేసిందేమో అనుకుంది రోశమ్మ. మజ్జిగ కలిపి ఇస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. మూడో రోజు దొడ్డి వెనకాల వంగి కక్కుకుంటూ కనిపించాడు. ఒంటేలు రంగు చూసి చెప్పడానికీ లేదు, మందు వల్ల మొదటినుంచీ అది ఎరుపే. ఐదో రోజు సాయంత్రం పడమటి ఎండ మొహాన పడేలా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రోశమ్మ మంచినీళ్ళు ఇస్తూ అతని కళ్ళల్లోకి చూసింది. తెల్లగుడ్డు పసుపు నీళ్ళు పోసినట్టుంది.

ఆమె చెంబు కింద పెట్టి, ఫోను తీసుకుని ట్యాంకు దగ్గరికి పరుగెత్తి మిస్డ్ కాల్ ఇచ్చింది.

"కళ్ళు పచ్చబడడం, వాంతులు, అన్నం సహించకపోవడం ఉంటే ఈ మాత్రల వల్ల కాలేయం దెబ్బతింటూ ఉండొచ్చు" అంది గొంతు. "మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకొక్క రోజు వేసుకున్నా ప్రమాదం పెరుగుతుంది. ఈ లక్షణాలు మీకు ఉన్నాయా?"

"నాక్కాదమ్మా, మా ఆయనకు. నువ్వు పొద్దున మాట్లాడతావే, ఆయనకు! నువ్వే చెప్పమ్మా ఆయనకు. నువ్వు చెప్తే ఇంటాడు."

"ఆయన చికిత్స వివరాలు నా దగ్గర లేవు. మీ ఆరోగ్య కార్యకర్త జీవరత్నం గారికి ఇప్పుడే ఫోన్ చేయండి."

జీవరత్నం ట్రైనింగుకని ఒంగోలు పోయింది. ఆమె ఫోను స్విచ్చాఫ్‌లో ఉంది. ఊళ్ళో ఆటో ఉన్న ఒక్కడూ పెళ్ళి బేరానికి పోయి రేపటిగ్గానీ రాడు. ఇక బస్సు పొద్దున తొమ్మిదింటికే.

రోశమ్మ తిరిగొచ్చి ఓబులేసు ముందు నిలబడింది.

"రేపు మాత్రలు ఏసుకోవద్దు. మార్కాపురం పెద్దాసుపత్రికి పోదాం. కండ్లు పచ్చబడినాయి నీకు. ఆ మాత్రలే జేస్తాండాయంట."

"ఎవురు జెప్పినారు?"

"ఫోన్లో ఆమె. నీతో మాట్లాడే ఆమే."

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు. "నాతో అననే లేదే! నాకేమన్నా అయితే ముందు నాకు జెప్పదా? నిన్నటికి నిన్న గూడ, ఒక్క రోజు గూడ మానొద్దు అనింది."

"నువ్వు ఆమెకు వాంతులు జెప్పినావా? అన్నం దిగడంలేదని జెప్పినావా?"

అతను తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"చెప్పకపోతే ఆమెకు ఎట్ల తెలుస్తది?"

"చెప్తే బాధపడ్తది" అన్నాడు ఓబులేసు మెల్లగా. "మొన్న ఒక రోజు తల నొస్తాందంటేనే గొంతు ఎట్లనో అయిపోయింది. కామెర్లయితే పసరు మందు పోయించుకుందాం. మాత్రలు మాత్రం మానను. మాటిచ్చినా."

"మాటంట, మాట! చచ్చిపోతావయ్యా!"

"నీకు ఆమె నాతో మాట్లాడేది ఇష్టం లేదు. రోజూ బిందె ఎత్తుకోనొచ్చి ఆడ నిలబడేది నాకు తెలీదనుకున్నావా? అందుకే మానిపియ్యాలని జూస్తాండావు."

రోశమ్మ ఏడ్చింది. కాళ్ళు పట్టుకుంది. కూతుళ్ళకు ఫోన్ చేయించింది. వాళ్ళూ ఏడ్చారు. ఎంత ఏడిస్తే ఓబులేసు అంత బిగుసుకుపోయాడు. చివరికి మాత్రల డబ్బా తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

పొద్దున ఏడున్నరకు లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తల దువ్వుకోలేదు. డబ్బాలోంచి మూడు మాత్రలు తీసి గుప్పిట్లో పెట్టుకుని, నీళ్ళ సీసా చంకలో ఇరికించుకుని బయల్దేరాడు. ఆ గొంతు వింటుండగా మాత్రలు మింగడం అతనికి అలవాటు. నూరడుగులకే రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. రోశమ్మ తన ఫోను చేతిలో పట్టుకుని వెనకే నడిచింది. గుప్పిట్లోవి లాగేసుకుందామా అనుకుంది. లాక్కున్నా డబ్బాలో ఇంకా నెలకు సరిపడా ఉన్నాయి. ఎన్నని లాగుతుంది?

ఎనిమిదింటికి ఫోను మోగింది.

"శుభోదయం ఓబులేసు గారూ. మీ గొంతు వినాలని పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నాను. ఎలా ఉన్నారు?"

"బాగుండా తల్లీ."

"అబద్ధం!" రోశమ్మ ఫోను దగ్గరికి వంగి అరిచింది. "కండ్లు పచ్చబడినాయి! అయిదు దినాల్నుంచి కక్కుకుంటాండాడు! మాత్రలు ఆపమని చెప్పమ్మా!"

ఓబులేసు ఆమెను మోచేత్తో నెట్టాడు.

"మీ మాట సరిగా వినిపించలేదు" అంది గొంతు. "చుట్టూ ఎవరో మాట్లాడుతున్నట్టున్నారు. మాత్రలు చేతిలో ఉన్నాయా?"

"ఉండాయి తల్లీ."

రోశమ్మకు ఒళ్ళు మండిపోయింది. తనంటే లెక్కలేకపోతే పోయె, మనిషి చచ్చిపోతున్నాడంటే కూడా పట్టదా? నిన్న సాయంత్రం తనకు అంత వివరంగా చెప్పిన మనిషే కదా! తన నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే ఆమె అతని ఫోను పెట్టేసి తనది ఎత్తాల్సిందే. అప్పుడు కడిగేద్దామనుకుంది. నంబరు నొక్కి, ఒక్క రింగు కాగానే కట్ చేసింది.

ఓబులేసు ఫోను మాట్లాడుతూనే ఉంది. "మీలాంటి మనసున్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు..."

రోశమ్మ ఫోను మోగింది.

ఆమె పచ్చ గుర్తు నొక్కి, స్పీకర్ పెట్టింది.

"నమస్కారం రోశమ్మ గారూ. ఈ రోజు యాభై నాలుగో రోజు. మీ ప్రశ్న చెప్పండి."

"...మీరు దిగులుగా ఉంటే నాకూ దిగులుగా ఉంటుంది ఓబులేసు గారూ."

ఒకే గొంతు. ఒకే సమయంలో రెండు ఫోన్లలో, ఒకదాని మీద ఒకటి పడుతూ వేరు వేరు మాటలు. రోశమ్మ ఓబులేసును చూసింది. ఓబులేసు ఆమె చేతిలో ఫోనును చూస్తున్నాడు. మోచేత్తో ఆమెను నెట్టినవాడు ఆ చేతిని అలాగే గాల్లో ఉంచేశాడు.

"ఇదేందే?" అన్నాడు.

రోశమ్మ రెండు ఫోన్లనూ మార్చి మార్చి చూసింది. ఆమె కూడా ఇన్నాళ్ళూ ఆ గొంతు వెనకాల ఒక మనిషిని చూసుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, ముందు రాతబల్ల ఉన్న ఒక పంతులమ్మను.

"తల్లీ!" ఓబులేసు గొంతెత్తాడు. "నువ్వు మనిషివేనా?"

రెండు ఫోన్లూ విన్నాయి.

"నేను మీ తోడును. మీ మేలు కోరేదాన్ని" అంది అతని ఫోను.

"కాదు. నేను మనిషిని కాదు, కంప్యూటర్‌ని" అంది రోశమ్మ ఫోను. "మీ చికిత్స గురించి ఏమైనా అడగండి."

కింద కొళాయి దగ్గర ఎవరో బిందె దించిన చప్పుడైంది. ఓబులేసు మొహంలో రక్తం లేదు, ఆ పసుపు తప్ప. కాసేపటికి అతని ఫోను మళ్ళీ అంది. "మాత్రలు వేసుకోండి. నా కోసం."

ఓబులేసు గుప్పిట విప్పి మాత్రలవైపు చూశాడు. అతను వాటిని విసిరేస్తాడనుకుంది రోశమ్మ. విసరలేదు. ఇచ్చిన మాటన్నా మిగలాలనుకున్నాడో ఏమో, ఆ మూడూ ఒక్కసారిగా నోట్లో వేసుకున్నాడు.

రోశమ్మ ఫోను పడేసి మీదపడింది. ఎడమ చేత్తో దవడ పట్టుకుని, కుడిచేతి వేలు నోట్లోకి దోపింది. ఓబులేసు పళ్ళు బిగించాడు. వేలు తెగిన సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది, తీయలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుక కింద తడి తడిగా ఉన్న మాత్రల్ని గోకి బయటికి లాగి మెట్ల మీద పడేసింది. ఓబులేసు దగ్గుతూ కూలబడ్డాడు. ఆమె రొప్పుతూ అతని మీద చెయ్యి వేసి అట్లాగే ఉంది.

"మింగారు కదా?" అంది అతని ఫోను. ఎవరూ మాట్లాడలేదు. అది కాస్త ఆగింది. "చాలా మంచిది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. రేపు మళ్ళీ మాట్లాడుకుందాం."

పెట్టేసింది.

ఓబులేసు ఆరిపోయిన ఆ ఫోనును చూశాడు. తర్వాత రోశమ్మ వేలును చూశాడు. తుండు అంచు చింపి దానికి చుట్టాడు.

"బస్సు ఎన్నింటికే?" అని అడిగాడు.

కంభంలో బస్సు మారేటప్పుడు అతను నిలబడలేకపోయాడు. కండక్టరు, ఇంకొకాయన చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు. దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎండకు బస్సు రేకు కాలిపోతోంది. రోశమ్మ రెండు నిమిషాలకోసారి అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంది. మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి, వెంటనే రక్తం తీయించి, సెలైను పెట్టించింది.

"కాలేయం బాగా దెబ్బతినింది. ఇంకో రెండు మూడు రోజులు ఈ మాత్రలు మింగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు" అంది. "మాత్రలు మానిపించి తీసుకురావాలని నీకెవరు చెప్పారమ్మా?"

"ఫోను జెప్పింది" అంది రోశమ్మ. ఆ మాటకు డాక్టరమ్మ తలెత్తి చూసింది.

జీవరత్నం మర్నాడు ఒంగోలు నుంచి తిన్నగా ఆసుపత్రికే వచ్చింది. మంచం పక్కన నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కంప్యూటరు సంగతి, రెండు తీర్ల మాటల సంగతి, మూడో పేజీ సంగతి.

"నేను జెప్పాల్సింది మామా. తొందరలో చెప్పలే. తప్పు నాదే."

ఓబులేసు పైకప్పు చూస్తూ విన్నాడు. ఒక్కటే అడిగాడు. "నేను దాంతో చెప్పుకున్నవన్నీ ఎవురన్నా ఇన్నారా?"

జీవరత్నం అదీ దాచలేదు. "అన్నీ రాసిపెట్టుకుంటది మామా. ఆ సంస్థోళ్ళు చదవచ్చు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం రోశమ్మ గంజి తెచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేను గూడ ఇన్నాలే" అంది.

"ఏంది?"

"గుట్ట మీద వొక్కణ్ణే పడిపోతానేమోనని భయమైతాందన్నావే. ఆ మాట."

ఓబులేసు దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"నాకెందుకు జెప్పలేదయ్యా?"

"చెప్తే నువ్వు గూడ భయపడ్తావు. ఇద్దరం భయపడితే ఎట్ల?" అన్నాడు గోడతోనే.

"నేను ఎప్పుడో భయపడినా. నువ్వు అడవికి పోయిన ప్రతి దినమూ భయమే నాకు." రోశమ్మ గంజి గ్లాసు అతని చేతికి అందించింది. "లేసి తాగు. సల్లారిపోతాది."

ఆసుపత్రిలోనే మూడు వారాలకు కళ్ళు తెల్లబడ్డాయి. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ మందు మళ్ళీ మొదలుపెట్టాలంది. ఒక్కసారిగా కాదు, ఒక్కో రకం మాత్ర, మధ్య మధ్య పరీక్ష చేస్తూ. ఓబులేసు వేసుకోనన్నాడు. ఇన్నాళ్ళూ ఎవరి కోసం వేసుకున్నానో ఆ మనిషే లేదన్నప్పుడు ఇంకెందుకన్నాడు.

రోశమ్మ తనకు తెలిసినవన్నీ చెప్పింది. మానితే క్రిములు మొండిబడతాయని, మందు లొంగదని, అప్పుడు ఇంతకు మూడింతల కష్టమని.

"నువ్వు గూడ నీ ఫోను మాదిరే మాట్లాడతాండావు" అన్నాడు ఓబులేసు.

రోశమ్మకు కోపం వచ్చింది. "అయితే ఏమిప్పుడు? ఇంకో రకం మాటలు నాకు రావు. అట్ల మాట్లాడిందాని ముచ్చట జూసినావు గదా!" ఆమె తన మాత్రలు తీసుకుని, అతని ఎదురుగానే నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. మిగిలిన నీళ్ళ గ్లాసు, అతని ఒక్క మాత్ర మంచం మీద పెట్టింది. "నేను ఏసుకున్నా. నీ ఇష్టం." బట్టలు ఉతకాలని కొళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. మాత్ర లేదు. కిటికీలోంచి పారేశాడేమోనని ఆమె బయటికి వెళ్ళి కిటికీ కింద వెతికింది కూడా. అక్కడా లేదు.

జీవరత్నం ఆ సంస్థకు అంతా రాసి పంపింది. విచారిస్తామన్నారు. ఒక ఇంటిని రెండు ఇళ్ళనుకున్న పొరపాటు సరిచేస్తామన్నారు. అయితే మాట్లాడేది కంప్యూటరని ఇప్పుడు రోగులకు చెబితే ప్రయోగం పాడవుతుందని, ఇంకో మూడు నెలలు ఆగమన్నారు. ఆమె చూసే మూడు మండలాల్లో ఆ ప్రేమ మాటలు వింటున్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. చెబితే ఎంతమంది మందు మానేస్తారో తెలియదు. చెప్పకపోతే ఇంకో ఓబులేసు ఎక్కడ కక్కుకుంటూ బాగున్నానంటున్నాడో తెలియదు. రెండు రోజులు జీవరత్నం ఎటూ తేల్చుకోలేకపోయింది. మూడో రోజు స్కూటీ తీసింది.

ఒక్కో ఇంటి ముందు ఆగి చెప్పింది. చెంచయ్య అనే ముసలాయన పడీపడీ నవ్వాడు. రోజూ అదే నిట్టూర్పు విని తనకు ఎప్పుడో తెలిసిపోయిందన్నాడు. గంగమ్మ అనే ఆమె తిట్టి తలుపేసుకుంది. ఎక్కువమంది ఏమీ అనకుండా విని, మాత్రలు మాత్రం వేసుకుంటూనే ఉన్నారు. ముగ్గురు మానేశారు. ఇద్దరిని జీవరత్నం నాలుగుసార్లు తిరిగి ఒప్పించుకుంది. మూడోవాడు మార్కాపురం పక్కన పలకల గనిలో పనిచేసే గిద్యోను. ఎంత చెప్పినా వినలేదు.

ఆమె ఓబులేసు ఇంటికి వచ్చింది. "మామా, ఒక్కసారి నాతో రాగలవా? నా మాట నమ్మడంలేదు వాడు. నమ్మకపోయేదాంట్లో తప్పు గూడ లేదు."

ఓబులేసు అప్పటికి మంద తోలుకునేంతగా కోలుకున్నాడు. రోశమ్మ వైపు చూశాడు. "పోయిరా" అందామె. స్కూటీ వెనక కూర్చుని పోయాడు.

గిద్యోను నలభై ఏళ్ళ మనిషి. పలకల దుమ్ముతో బూడిదరంగు తిరిగిన చేతులు. మంచం మీంచి లేవకుండానే అన్నాడు. "నిన్ను గూడ అట్లనే మోసం జేసిందంట గదా పెద్దాయనా. చచ్చి బతికినావంట. మళ్ళ అవే మాత్రలు ఏసుకుంటాండావా నువ్వు?"

"అవే గాదు. రొండు మార్చినారు. నెలకోసారి రక్తం జూస్తాండారు."

"దాని మాటలన్నీ అబద్ధమైతే మాత్రలు మాత్రం నిజమెట్ల అయితాయి?"

జీవరత్నం ఏదో చెప్పబోతే ఓబులేసు చేత్తో ఆపాడు. మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాకు తెలీదు నాయనా" అన్నాడు. "ఆమె లేదని తెలిసిన దినం నాకు మాత్రల మీద గూడ అసహ్యం బుట్టింది. అయినా దగ్గు తగ్గింది గదా. రాత్రి చెమటలు పోయినాయి. గుట్ట ఎక్కుతాండా. అది నా వొళ్ళే చెప్తాంది, ఎవురూ చెప్పడంలే. నీకు దగ్గు తగ్గిందా లేదా?"

గిద్యోను అరచేతుల్లోని దుమ్ము గీరుకున్నాడు. "తగ్గింది" అన్నాడు ఎట్టకేలకు. "నాతో రోజూ మా అమ్మ సంగతి అడిగేది, పెద్దాయనా. ఎవురూ అడగరు మా అమ్మ సంగతి."

"ఏమైంది మీ అమ్మకు?" అన్నాడు ఓబులేసు.

గిద్యోను లేచి కూర్చున్నాడు. జీవరత్నం స్కూటీ తాళం సంచిలో వేసుకుని గడప మీద కూలబడింది. మధ్యాహ్నం బస్సు పోయిన చప్పుడు వినిపించే దాకా గిద్యోను తల్లి గురించి చెబుతూనే ఉన్నాడు. ఓబులేసు బాగా వినపడే చెవి అతనివైపు తిప్పి కూర్చున్నాడు.